నిండితేనే కదిలే క్లాసు

మా మావయ్య బస్సు కండక్టరు. ఆయన ఇంటికి వచ్చే ముందే ఆయన గొంతు వస్తుంది. నేను దానికి పూర్తిగా ఆపోజిట్. బడిలో హాజరు పిలిచేటప్పుడు నేను పలికింది సార్‌కి వినపడక, ముందు బెంచీలోనే కూర్చుని ఉన్నా ఒకసారి వారం రోజులు గైర్హాజరు వేశారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మావయ్య నన్ను మౌనస్వామీ అని పిలుస్తాడు.

పన్నెండో తరగతి అయ్యాక నన్ను డిగ్రీలో చేర్పించే పని ఆయన మీదే పడింది. మా నాన్న తూకం కాటాలు బాగుచేస్తాడు. సంతలు తిరుగుతూ ఉంటాడు, పైగా కౌంటర్ల ముందు నిలబడితే ఆయనా నాలాగే నీళ్ళు నములుతాడు. "మీ తమ్ముడైతే అడగ్గలడు" అని అమ్మతో చెప్పి చేతులు దులుపుకున్నాడు.

నాకు కావాల్సింది ఫిజిక్స్. దానికి కారణం కూడా నాన్న కాటాలే. వేలాడదీసే స్ప్రింగు కాటా ఉంటుంది కదా, అది పొద్దున ఒకలాగా, మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకలాగా చూపిస్తుంది. అదే బస్తా, అదే కొక్కెం. మధ్యాహ్నం కొంచెం ఎక్కువ. నాన్న వేలితో స్ప్రింగు తడిమి "వేడెక్కిందిలే" అని మర ఒక వెంట్రుకవాసి తిప్పేవాడు. వేడెక్కితే ఏమవుతుంది అని బడిలో అడగడానికి నాలుగు రోజులు ధైర్యం కూడగట్టుకున్నాను. లెక్కల సారే మాకు ఫిజిక్స్ కూడా చదివి వినిపించేవారు. ఆయన పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి "సిలబస్‌లో లేదమ్మా" అన్నారు. నాకు ఆ రోజే ఒళ్ళు మండింది. సిలబస్‌లో లేకపోతే స్ప్రింగు సాగడం మానేస్తుందా?

సరే, కాలేజీల వేట.

మొదటి కాలేజీకి గోడలన్నీ అద్దాలే. లోపల చల్లగా ఉంది. కోటు వేసుకున్న ఒకావిడ మాకు చెరో నీళ్ళ సీసా ఇచ్చి, "ఫిజిక్స్ ఎందుకమ్మా? డేటా సైన్స్ తీసుకో, అందులోనూ సైన్స్ ఉంది కదా" అంది. ఫీజు కాగితం చూసి మావయ్య తాగుతున్న నీళ్ళు మింగలేదు, కక్కలేదు. నాన్న సంవత్సరం పొడుగునా సంపాదించేది వాళ్ళకి ఒక్క టర్ముకి సరిపోదు.

"చివరి రేటు చెప్పండి మేడం" అన్నాడు మావయ్య.

నేను నేల వైపు చూశాను. నేల కూడా అద్దంలాగే ఉంది, అందులో నా మొహమే కనపడింది.

రెండో కాలేజీ బయట బోర్డు మీద ఫీజు చాలా తక్కువ. లోపలికి వెళ్తే ల్యాబు ఫీజు వేరు, బిల్డింగు ఫీజు వేరు, యూనిఫాం వాళ్ళ దగ్గరే కొనాలి, హాస్టల్లో ఉండకపోయినా హాస్టలు ఫీజులో సగం కట్టాలి. "టిక్కెట్టు చవకేనండీ, కడ్డీ పట్టుకుంటే మటుకు ఎక్స్‌ట్రా అన్నమాట" అని మావయ్య గట్టిగా అనేసరికి లైనులో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మూడోది ఇంట్లో ఉండి చదువుకునేది. "ప్రాక్టికల్స్?" అని నేను చీటీ మీద రాసి మావయ్యకి ఇస్తే ఆయన చదివాడు. "వీడియో పంపిస్తాం, చూసుకుంటే చాలు" అన్నాడు కుర్చీలో ఉన్నాయన. కాటా బాగుచేయడం వీడియోలో చూసి ఎవరైనా నేర్చుకున్నారేమో మా నాన్నని అడగాలి.

నాలుగోది సర్కారు కాలేజీ. పాత కట్టడం, ఫ్యాన్లు కిర్రుమంటాయి. ఫీజు మాకు అందుతుంది, రెండు వాయిదాల్లో కట్టొచ్చు. ఫిజిక్స్ ఉంది, ల్యాబ్ ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ పీల్చిన ఊపిరి ఇంకా వదలకముందే గుమాస్తా చెప్పాడు, తల ఎత్తకుండా:

"పదిమంది చేరితేనే ఫిజిక్స్ నడుస్తుంది. పదిమంది అయ్యాక రండి."

"ఇప్పటికి ఎంతమంది అయ్యారండీ?" అన్నాడు మావయ్య.

"ఎవరూ చేరలేదు."

"అయితే మా అమ్మాయిని మొదటి పేరుగా రాసుకోండి."

"పదిమంది లేకుండా రాసుకోవడం కుదరదండీ."

ఆ ఒక్క మాట వినడానికి మేము నాలుగు సార్లు వెళ్ళాం. మొదటిసారి ఇది. రెండోసారి గుమాస్తా సెలవు. మూడోసారి బడి నుంచి ఇంకో కాగితం తెమ్మన్నాడు. తెస్తే, ఆ కాగితం అక్కర్లేదు, పొరపాటున చెప్పానన్నాడు. ముద్ర సరిగ్గా పడుతుందో లేదో తన అరచేతి మీద కొట్టి చూసుకోవడం ఆయనకి అలవాటు. ఆ అరచెయ్యి నీలంగా ఉంటుంది. కాగితాల మీద పడిన ముద్రలకన్నా దాని మీద పడినవే ఎక్కువేమో.

వెళ్ళిన ప్రతిసారీ లైనులో మావయ్య ఊరుకునేవాడు కాదు. ముందు వాళ్ళనీ వెనక వాళ్ళనీ కదిలించేవాడు. "ఏ కోర్సమ్మా? ఫిజిక్సా! మా అమ్మాయీ అదే. నాన్నగారు ఏం చేస్తారు? ఎక్కడ దిగాలి? బస్సు టైములు కావాలంటే నాకు ఫోన్ చెయ్యండి, మీ నంబరు ఇవ్వండి." ఆయన ఫోను అద్దం పగిలి వేలు పెడితే ఒక అంకెకి మూడు పడతాయి. అందుకని, "రాసుకో మౌనస్వామీ" అనేవాడు. నేను నా డైరీ చివరి పేజీల్లో రాసేదాన్ని. పక్కనే నా ఏడుపు కూడా రాసుకునేదాన్ని. ఒకచోట ఇలా ఉంది: "ఈ రోజు చెయ్యి విరిగి కట్టు కట్టుకున్న అమ్మాయిని, చెట్టెక్కావా, గోడెక్కావా అని అడిగాడు. భూమి చీలితే బాగుండనిపించింది. నా డైరీ ఏమన్నా టెలిఫోన్ డైరెక్టరీనా?"

నాలుగోసారి బుధవారం. గుమాస్తా అప్పుడు తల ఎత్తాడు.

"శుక్రవారం నాలుగింటికి ఆఖరు. పదిమంది లేకపోతే కోర్సు ఎత్తేస్తారు. రెండేళ్ళుగా ఎవరూ రావట్లేదు. ఫిజిక్స్ ఎవరికీ అక్కర్లేదమ్మా."

ఇంటికొచ్చాక అమ్మ, "పోనీ ఈ ఏడాదికి కుట్టు మిషను దగ్గర కూర్చో, వచ్చే ఏడు చూద్దాం" అంది. వచ్చే ఏడు ఆ కోర్సే ఉండదని అమ్మకి తెలియదు. డైరీ తీశాను తిట్టుకుందామని. ఫిజిక్స్ ఎవరికీ అక్కర్లేదు అని రాయబోయి చివరి పేజీలు తిరగేశాను.

తొమ్మిది నంబర్లు ఉన్నాయి. అన్నీ ఫిజిక్స్ అడగడానికి వచ్చినవాళ్ళవే. ఒక నంబరు కవల పిల్లలది, అంటే పదిమంది. నాతో పదకొండు. ఇంతమందినీ ఆ మహానుభావుడు ఒక్కొక్కరినే "పదిమంది అయ్యాక రండి" అని పంపించేశాడు. ఎవరి పేరూ రాసుకోలేదు. రాసుకోనివాడికి ఎవరూ రానట్టే కదా.

గురువారం పొద్దున మావయ్య డ్యూటీలో ఉన్నాడు. నాన్న ఫోను నా ముందు పెట్టి, "నువ్వే చెయ్యాలి" అన్నాడు. మొదటి నంబరు కొట్టాను. అవతల "హలో" అనగానే పెట్టేశాను. వాళ్ళే తిరిగి చేసి, "ఎవరండీ? ఫోన్ చేసి మాట్లాడరేం? పనీ పాటా లేదా?" అని కేకలేశారు. నాన్న తలుపు దగ్గర నిలబడి తనకేమీ వినపడనట్టు ఒక తూకం రాయిని తెగ తుడుస్తున్నాడు. అప్పుడు చెప్పాను. ఒక్కొక్క ముక్కా అరిగిపోయిన బ్యాటరీ రేడియోలాగా బయటికొచ్చింది.

ఒకరు అప్పటికే ఇంకెక్కడో చేరిపోయారు. అంటే నాతో కలిపి సరిగ్గా పది. ఒక్కరు తగ్గినా అంతే. మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట అన్నారు.

"అలాగేనమ్మా, మిగతావాళ్ళు చేరాక చెప్పు. మేమూ వస్తాం."

ఎనిమిదోసారి ఆ మాట విన్నాక ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. నాన్న ఫోను కాబట్టి కొట్టలేదు. చెప్పులేసుకుని బస్టాండుకి నడిచాను, మావయ్యకి చెప్పుకుందామని.

ఆయనది ప్రైవేటు బస్సు. సీట్లు నిండితేనే కదులుతుంది, అది వాళ్ళ యజమాని పెట్టిన రూలు. అప్పటికి బస్సులో నలుగురే ఉన్నారు. జనం కిందే నిలబడి, కిటికీల్లోంచి తొంగి చూసి, ఇప్పట్లో కదలదులే అని మళ్ళీ నీడకి వెళ్తున్నారు. నేను ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని జరిగింది చెప్పాను.

"మిగతావాళ్ళు ఎక్కాక ఎక్కుతామంటున్నారా? రోజూ నాకున్న గొడవే ఇది" అన్నాడు మావయ్య. కిందకి దిగి డ్రైవరుతో, "అన్నా, ఇంజను ఆన్ చెయ్యి" అన్నాడు.

ఇంజను గుర్రుమంది. బస్సు అంతా వణికింది. ఎక్కడికీ పోవడం లేదు, అక్కడే ఉంది. కాని నీడలో ఉన్నవాళ్ళు ఒక్కసారిగా సంచులు సర్దుకున్నారు. పది నిమిషాల్లో సీట్లు నిండాయి. మావయ్య బస్సు రేకు మీద రెండుసార్లు కొట్టాడు. రెండు దెబ్బలంటే పోనివ్వమని. నేను గబగబా దిగిపోయాను.

"చూశావుగా?" అని ఫుట్‌బోర్డు మీద నుంచి అరిచాడు. "బండి ఖాళీగా ఉన్నా పర్లేదు, చప్పుడు చెయ్యాలి!"

ఒక డిగ్రీ కోర్సుకి ఇంజను ఎక్కడుంటుంది? అది ఆలోచిస్తూ సర్కారు కాలేజీ దాకా ఒక్కదాన్నే వెళ్ళాను. మావయ్య లేకుండా ఆ గేటు దాటడం అదే మొదలు. గుమాస్తా కౌంటరు తప్పించి వెనక వరండాలోకి వెళ్తే, చివరి గదిలో ఫిజిక్స్ మేడం కామర్స్ పిల్లల కాగితాలు దిద్దుతూ కనపడింది. నెరిసిన జుట్టు, పక్కన టిఫిను సంచి.

"మేడం, రేపు... ల్యాబ్..." అన్నాను.

"గట్టిగా చెప్పమ్మా, నాకు ఫ్యానే వినపడుతోంది."

"రేపు ల్యాబ్ తెరుస్తారా మేడం?"

అంత గట్టిగా అన్నందుకు నేనే ఉలిక్కిపడ్డాను. పది పేర్లున్న డైరీ పేజీ చూపించాను. పక్కనున్న నా ఏడుపు కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టాను. మేడం కళ్ళద్దాలు సర్దుకుని పేర్లన్నీ చదివింది.

"ఇంతమంది వచ్చి వెళ్ళారా? నాతో ఒక్క ముక్క చెప్పలేదు" అని పెన్ను మూత పెట్టేసింది.

తాళం అటెండరు దగ్గర లేదు. ఆఫీసులో ఉండాలి అన్నాడు. ఆఫీసులో గుమాస్తా ల్యాబు తెరవాలంటే ఉత్తరం కావాలన్నాడు. ఉత్తరం ఎవరికి రాయాలి అంటే, ల్యాబు ఇన్‌ఛార్జికి అన్నాడు. ల్యాబు ఇన్‌ఛార్జి మేడమే. మేడం ఆయన్ని ఒక చూపు చూసి, టిఫిను సంచిలో చెయ్యి పెట్టి తాళంచెవి బయటికి తీసింది.

"నా దగ్గర ఇంకొకటుంది. రెండేళ్ళుగా మోస్తున్నాను. ఎవరూ అడగలేదు."

సాయంత్రం మళ్ళీ ఎనిమిది ఇళ్ళకీ ఫోన్ చేశాను. ఈసారి చేరండి అని బతిమాలలేదు. "రేపు పదింటికి ఫిజిక్స్ ల్యాబ్ తెరుస్తున్నారు. మేడం ఉంటారు. నేను వెళ్తున్నాను" అని చెప్పి, వాళ్ళు ఏదైనా అడిగేలోపే పెట్టేశాను. పిరికితనం ఒకసారైనా పనికొచ్చింది.

శుక్రవారం పదింటికి ల్యాబు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అన్ని లైట్లూ వేశాం, అన్ని ఫ్యాన్లూ తిప్పాం. బల్లల మీద బొటనవేలంత దుమ్ము. నేను తుడుస్తుంటే మేడం ఒక స్ప్రింగు వేలాడదీసి కింద తూకం రాయి తగిలించింది. చేతులు ఊరికే ఉంటే మాట్లాడాల్సి వస్తుందని తుడుస్తూనే, నాన్న కాటా సంగతి అడిగాను. పొద్దున ఒకలాగా, మధ్యాహ్నం ఒకలాగా ఎందుకు?

మేడం సిలబస్ మాట ఎత్తలేదు. "కొలుద్దాం" అంది. వేడినీళ్ళ చెంబు, థర్మామీటరు, స్కేలు నా ముందు పెట్టింది.

పదిన్నరకి కవలలు వచ్చారు, వాళ్ళ నాన్నతో. లోపల లైట్లు చూసి, "మొదలైపోయిందా?" అని ఆయన కంగారు పడ్డాడు. పన్నెండుకి ఐదుగురం. మూడింటికి తొమ్మిదిమంది. అందరూ స్ప్రింగు చుట్టూ మూగారు. వాళ్ళతో వచ్చిన పెద్దవాళ్ళు కూడా స్కేలు మీద గీతలు లెక్కపెట్టడం మొదలెట్టారు. కవలల నాన్న, "రెండు గీతలు సాగిందండీ, నేను చూశాను" అని అందరితోనూ వాదిస్తున్నాడు.

పదోది చెయ్యి విరిగిన అమ్మాయి. బయల్దేరాను అని నా దగ్గరున్న నాన్న ఫోనుకి ఒంటిగంటకే చేసింది. మూడుంబావుకి కూడా రాలేదు. తొమ్మిదిమందిమీ కౌంటరు ముందు నిలబడ్డాం, కనీసం రసీదులు రాయడం మొదలుపెట్టమని.

"పదో మనిషి ఉంటేనే మొదటి రసీదు" అన్నాడు గుమాస్తా.

"రసీదులు లేకుండా పదిమంది అయ్యారని ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు కవలల నాన్న.

"అదే కదా మరి" అన్నాడు గుమాస్తా, పెద్ద నిజం చెప్పినట్టు.

నేను ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"బస్సులోనే ఉన్నానక్కా. ఎక్కి గంటయింది. కదలడం లేదు. సీట్లు నిండలేదట. ఈ కండక్టరు ఒకటే కబుర్లు చెప్తున్నాడు, నా చెయ్యి గురించి మళ్ళీ అడిగాడు..."

"ఫోను ఆయనకియ్యి" అన్నాను.

"హలో, ఎవరండీ?"

"మావయ్యా! బండి తియ్యి!"

వరండాలో అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు గోడకి తగిలి వెనక్కి రావడం నేనూ విన్నాను.

"ఎవరు, మౌనస్వామీ? ఇంకా ఎనిమిది సీట్లు ఖాళీ ఉన్నాయమ్మా, ఇంజను ఆన్ చేసే ఉంచాం..."

"నీ పక్కన చెయ్యి కట్టుతో కూర్చుంది మా పదో మనిషి! నాలుగింటికి కౌంటరు మూసేస్తారు! ఇంజను చప్పుడు చాలు, బండి తియ్యి!"

మావయ్య, "యజమానికి నేను చెప్పుకుంటాలే" అన్నాడు. మెల్లగా అన్నాడు, నాలాగా. ఆ వెంటనే రేకు మీద రెండు దెబ్బలు వినపడ్డాయి.

మూడు యాభై రెండుకి ఎనిమిది సీట్లు ఖాళీగా ఉన్న బస్సు కాలేజీ గేటు ముందు ఆగింది. అది ఆ బస్సు ఆగే చోటు కాదు. మావయ్య ఆ అమ్మాయి సంచి మోసుకుంటూ ముందు పరిగెత్తుకొచ్చాడు. వెనకాల బస్సు కిటికీల్లోంచి ప్రయాణికులు ఆయన్ని తిడుతున్నారు.

కౌంటరు ముందు పదిమందిమి నిలబడ్డాం. గుమాస్తా వేలితో లెక్కపెట్టాడు. కవలల దగ్గర ఆగి, ఒకరినే రెండుసార్లు లెక్కపెట్టానేమోనని అనుమానమొచ్చి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. పదే. అప్పుడు సొరుగు లాగి, మూసి, గడియారం చూసి అన్నాడు:

"రసీదు పుస్తకం అయిపోయింది. కొత్తది సోమవారం వస్తుంది. అప్పుడు..."

మావయ్య నోరు తెరిచాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాను. డైరీ నడిమధ్య నుంచి ఒక తెల్ల కాగితం చింపి, కౌంటరు మీద పెట్టి, గుమాస్తా నీలం అరచేతి దగ్గరికి జరిపాను.

"దీని మీద రాయండి. పది పేర్లూ రాయండి. ముద్ర ఈసారి కాగితం మీద కొట్టండి."

వెనకెవరో నవ్వారు. గుమాస్తా నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు. ఆయన భుజం మీద నుంచి మేడం వంగి, "రాయండి, నేను సంతకం పెడతాను" అంది. గడియారం నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆయన పెన్ను తీశాడు. మొదటి పేరు నాదే అడిగాడు. చెప్పాను. రెండోసారి చెప్పమని అడగలేదు.

పదో పేరు రాసి, ముద్ర ఎత్తి, అలవాటు కొద్దీ అరచేతి వైపు తీసుకెళ్ళి, నా మొహం చూసి ఆగి, కాగితం మీద కొట్టాడు.

మావయ్య అప్పటికే బయట తిట్లు తింటూ బస్సు దగ్గర ఉన్నాడు. నేను కౌంటరు చెక్క మీద చేత్తో కొట్టాను, రెండుసార్లు.